ఆఖరి పేజీ అడుగున చిన్నక్షరాలు

ఒంగోలు,
ఆదివారం సాయంత్రం

బుజ్జమ్మా,

మీ నాన్న ఫోన్ చేశాడు. నీకు రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చిందట. ఒకటి పేపర్లో, జిల్లా డెస్క్ మీద సబ్ ఎడిటరు. రెండోది హైదరాబాద్‌లో, ఫోన్లో వార్తలిచ్చే కంపెనీ. జీతంలో దానికీ దీనికీ ఎనిమిది వేలు తేడా అన్నాడు. "పేపర్లు ఇంకెన్నాళ్లుంటాయన్నయ్యా, తెలిసి తెలిసి పిల్లని అందులోకి ఎందుకు దింపడం" అని వాడి బాధ. నువ్వేమో వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టావు: "పెదనాన్నా, పేపరు ఉంటుందా, పోతుందా?" ముప్ఫై ఒక్క ఏళ్లు డెస్క్ మీద రాత్రిళ్లు గడిపినవాణ్ణి ఇలా అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాదు. అందుకే కాయితం తీశాను. ఫొటో తీసి పంపిస్తాలే. పోస్టులో వేస్తే నీ జాయినింగ్ తేదీ దాటాక చేరుతుంది.

ముందు మా వీధి సంగతి చెప్తాను. పొద్దున పేపరు వేసేది ఇప్పుడు కుర్రాడు కాదు, ఏజెంటే స్వయంగా వేస్తున్నాడు. అరవై దాటిన మనిషి. "కుర్రాళ్లు ఎక్కడ దొరుకుతున్నారు సార్, బిర్యానీ పార్శిళ్లు మోస్తే వచ్చేదాంట్లో సగం కూడా నేనివ్వలేను" అంటాడు. నలభై ఇళ్ల వీధిలో ఒకప్పుడు ముప్ఫై పేపర్లు పడేవి. ఇప్పుడు తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఒకావిడ పేపరు చదవదు, అల్మారాల్లో పరచడానికి వేయించుకుంటుంది. పాత పేపర్లు కొంటే దుమ్ముంటుందట.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు దాచేదేమీ లేదు. తెల్లారేసరికి గుమ్మంలో పడే పేపరు, నువ్వు రిటైరయ్యే నాటికి చాలా ఊళ్లలో ఉండదు. ఈ మాట రాయడానికి నాకేం కష్టంగా లేదు. కష్టమనిపించేది వేరే ఉంది, అక్కడికి వస్తాను.

మా కాలంలో మేమేదో బ్రహ్మాండంగా రాయబట్టి పేపరు పెరిగిందనుకునేవాళ్లం. అది సగమే నిజం. 1974 ఆగస్టు 10న విశాఖలో ఈనాడు మొదలయ్యేనాటికి విజయవాడలో అచ్చయిన పేపరు అక్కడికి మధ్యాహ్నానికి గానీ చేరేది కాదు. తెల్లారేసరికి ఇంట్లో పేపరుండాలన్న అలవాటు అక్కణ్నుంచి పాకింది. 1989లో జిల్లాకో చిన్న పేపరు వచ్చింది. అప్పటిదాకా పేపర్లో పేరు పడాలంటే మంత్రి అయినా కావాలి, హంతకుడైనా కావాలి. జిల్లా పేపరొచ్చాక పంచాయతీ బోరు చెడిపోయినా వార్తే. ఇదంతా మా తెలివి. కానీ అదే సమయంలో ఇంకోటి జరిగింది. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నూటికి 44 మంది. 2001కి 60. కొత్తగా చదవడం వచ్చినవాళ్లు, ఎదురుగా దొరికే చవకైన చదువు అదే గనక పేపరు పట్టుకున్నారు. నీళ్లు పెరిగితే పడవ పైకి లేచింది. పడవవాడు అది తన గొప్పే అనుకున్నాడు.

నేను నెల్లూరు డెస్క్‌లో ఉన్నప్పుడే దూబగుంట కథ. 1992. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి వార్త పక్క ఊరికి పేపరు మోసింది, అక్కడి ఆడవాళ్లు కూడబలుక్కుని చదివి వాళ్ల ఊరి దుకాణం ముందు కూర్చున్నారు, ఆ వార్త ఇంకో ఊరికి. పల్లెల నుంచి కంట్రిబ్యూటర్లు ఆర్టీసీ బస్సులో వేసిన కవర్లు రాత్రి ఏడింటికి డెస్క్ మీద కుప్పగా పడేవి. విప్పేవాళ్లం, మళ్లీ సారా, మళ్లీ సారా. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అచ్చుకి అంత బలం ఉందని ఆ ఏడాది నమ్మాను. ఇప్పుడాలోచిస్తే ఆ బలం కాయితానిది కాదు, ఆ ఆడవాళ్లది. పేపరు వాళ్లకి దొరికిన బస్సు. ఈరోజైతే అదే పని ఫోన్ చేసేది, ఇంకా తొందరగా చేసేది. ఇది ఒప్పుకోకుండా ఎవరైనా పేపరు గురించి ఏడిస్తే నమ్మకు.

ఇక డబ్బు సంగతి. నువ్వు కాలేజీలో చదివిన పుస్తకాల్లో పత్రికల చరిత్ర ఉంటుంది గానీ వాటి ఖర్చు ఎవరు పెట్టారన్నది ఉండదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రికగా పెట్టారు. 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు. తెలుగువాళ్లు తలనొప్పికి రాసుకున్న మందు డబ్బులతో తెలుగువాళ్లకి వార్తలు చెప్పారు. ఈనాడు పెట్టిన రామోజీరావుగారికీ దానికంటే పన్నెండేళ్ల ముందే, 1962లోనే చిట్‌ఫండ్ ఉంది. నేను చెప్పేది ఒక్కటే: పేపరు తన ఖర్చు తాను ఏనాడూ పెట్టుకోలేదు. మనం పేపరుకి ఇచ్చే డబ్బుల్లో ఏజెంటు కమిషన్ పోగా మిగిలింది కాయితానికే చాలదు. మిగతాది ప్రకటనలు మోశాయి. బంగారం షాపులు, వెంచర్లు, ప్రభుత్వాలు, ఎంసెట్ ఫలితాల మర్నాడు ఆవగింజంత ఫొటోలతో నిండిన ర్యాంకుల పేజీలు. చదివేవాడు పాఠకుడు, పోషించేవాడు ఇంకొకడు. పైగా నెలాఖరుకి పాత పేపర్లు కిలోల లెక్కన అమ్ముకుని ఇచ్చిన చందాలో కొంత వెనక్కి రాబట్టుకునేవాడు మన పాఠకుడు. మీ నానమ్మ స్టీలు గిన్నెలన్నీ అలా వచ్చినవే.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. అంతకుముందు మా సెంటర్లో టీ కొట్టు దగ్గర ఒక్క పేపరుని నలుగురు నాలుగు ముక్కలు చేసుకుని చదివేవాళ్లు. ఆటల పేజీ ఎవడి దగ్గరుందో వెతుక్కోవాలి. ఏడాది తిరిగేసరికి నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు, బల్ల మీద పేపరు మడత విప్పకుండా. పాఠకుడు వెళ్లిపోతే నష్టం చిన్నదే, వాడిచ్చేదే తక్కువ. వాడి వెనకే ప్రకటన కూడా వెళ్లిపోయింది, దెబ్బ అది. దాని మీద న్యూస్‌ప్రింట్. మనకి అది చాలావరకు విదేశాల నుంచి రావాలి. 2019లో పది శాతం సుంకం వేశారు, గోల పెడితే మర్నాటి ఏడు అయిదుకి తగ్గించారు. కరోనా వచ్చి పేజీలు కోసింది, ఉక్రెయిన్ యుద్ధం వచ్చి కాయితం ధర పెంచింది. పోయిన పేజీల్లో చాలామటుకు తిరిగి రాలేదు.

మరి ఇంకా ఎలా నిలబడుతున్నాయంటావా? పేపరు తీసుకుని, మొదటి పేజీ వదిలేసి, లోపలి పేజీల్లో చీమల బారుల్లాంటి నోటీసులు చూడు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ఎవరి పొలమైనా తీసుకోవాలంటే ప్రాథమిక నోటిఫికేషన్ ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లో రావాలి, వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. అప్పు కట్టని ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకున్నా రెండు పేపర్లలో వెయ్యాలి, ఒకటి ప్రాంతీయ భాషలో. 2018లో సుప్రీంకోర్టు చెప్పాక, కేసులున్న అభ్యర్థి తన కేసుల వివరాలు పోలింగ్‌కి ముందు మూడుసార్లు పేపర్లో వేసుకోవాలి. ఇవన్నీ ఎవడూ చదవడు, ఆ పొలంవాడూ ఆ ఇంటివాడూ తప్ప. వాళ్లు మాత్రం వేలు పెట్టి చదువుతారు.

ఇదీ శాశ్వతం కాదు. ఆస్ట్రియాలో వీనర్ త్సైటుంగ్ అని ఒక పేపరు. 1703లో పుట్టింది. నెపోలియన్ని చూసింది, హిట్లర్‌ని చూసింది, రెండు ప్రపంచ యుద్ధాలు చూసింది. చివరికి దాన్ని ముంచింది ఫోను కూడా కాదు. కంపెనీలు తమ నోటీసులు అందులో అచ్చు వేయించి తీరాలన్న నిబంధన ప్రభుత్వం ఎత్తేసింది. ఆ డబ్బు పోయింది, 2023 జూన్ 30తో రోజువారీ అచ్చు ఆగింది. మన దగ్గర కూడా ఎవరో ఒక కార్యదర్శి "వెబ్‌సైట్‌లో పెడితే చాలు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. అలా రాసిన రోజు పేపర్ల యజమానులు గగ్గోలు పెడతారు. ఆ పొలంవాడు మాత్రం గగ్గోలు పెట్టడు, వాడికి తెలియదు గనక.

పేపరు మీద నమ్మకం ఫోన్ రాకముందే సడలింది, అది కూడా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఏ పేపరు ఏ పార్టీదో పాలవాడు కూడా చెప్తాడు. మా పక్కింటి రిటైర్డ్ తాసిల్దారు రెండు పేపర్లు వేయించుకుంటాడు, "రెండూ చదివి సగానికి భాగించుకుంటానండీ, అప్పుడు కొంచెం వార్త మిగుల్తుంది" అంటాడు. ఆ భాగాహారం వాడి చేత చేయించింది మేమే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

1994 కావచ్చు. జూన్ నెలాఖరు. ఒక ప్రధానోపాధ్యాయుడి పదవీ విరమణ వార్త, ఒక బట్టల వర్తకుడి పెద్దకర్మ ప్రకటన, రెండూ ఒకే పేజీలో పడ్డాయి. అప్పుడు పేజీలు ఇప్పట్లా కంప్యూటర్లో కట్టేవాళ్లం కాదు. అక్షరాలు బ్రోమైడ్ మీద ప్రింటు తీసి, కత్తిరించి, గ్రిడ్ షీటు మీద అంటించడమే. పేస్టింగ్ కుర్రాడు కత్తెరతో కోసి ఫొటోలు బల్ల మీద పెట్టుకున్నాడు. ఇద్దరికీ నల్ల ఫ్రేము కళ్లజోడే, ఇద్దరిదీ బట్టతలే. అర్ధరాత్రి దాటింది, కావలి వైపు వెళ్లే వ్యాను హారన్ కొడుతోంది. పేజీ మీద సంతకం పెట్టాల్సింది నేను. పెట్టాను. ఫొటోలు తారుమారయ్యాయి.

పొద్దున పదింటికి హెడ్మాస్టరుగారొచ్చారు, గొడుగు ఊపుకుంటూ. "నాయనా, నన్ను చూడ్డానికి బంధువులు వస్తున్నారు, కాఫీలకే నా ఫస్టు పెన్షన్ అయిపోయేట్టుంది" అని నవ్వేశారు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. నా ఉద్యోగం గట్టెక్కిందనుకున్నాను.

మధ్యాహ్నం రెండో మనిషొచ్చాడు, వర్తకుడి కొడుకు. గుండు చేయించుకుని ఉన్నాడు. లోపలికి రాలేదు, మెట్ల మీదే నిలబడ్డాడు. వాళ్ల నాన్న ఫొటో కింద "సేవలకు ఘన సన్మానం" అని ఉంది. పేపరు మడిచి చేతిలో పట్టుకుని ఉన్నాడు. తిడతాడనుకున్నాను. "ఎన్ని కాపీలు వేస్తారు సార్?" అని అడిగాడు. చెప్పాను. కాసేపు ఆగి, "అన్ని ఇళ్లకీ వెళ్లి చెప్పలేను కదా" అన్నాడు.

మర్నాడు సవరణ వేశాం. ఇన్‌చార్జి గారు అడుగున సింగిల్ కాలమ్‌లో నాలుగు లైన్లు చాలన్నారు. నేను అదే పేజీలో, అదే చోట, అదే సైజులో వేశాను. మెమో వచ్చింది, తీసుకున్నాను. ఆఫీసుకి ఎలా వచ్చావని ఆ వర్తకుడి కొడుకుని తర్వాత అడిగాను. వాళ్లది కొండ అంచున పల్లె, నెల్లూరులో ఎవరూ తెలియదు. "ఆఖరి పేజీ అడుగున అడ్రసుంది కద సార్" అన్నాడు.

నువ్వు పేపర్లో ఏమేం చదివినా ఆ లైను ఎప్పుడూ చదివి ఉండవు. ముద్రించినవారు, ప్రచురించినవారు, సంపాదకుడు, ఏ ప్రెస్సు, ఏ ఊరు. 1867 నాటి చట్టం పెట్టిన నియమం అది. ఆ చట్టం పోయి 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. తెల్లవాళ్లు దాన్ని పెట్టింది రాసినవాణ్ణి పట్టుకోవడానికే అనుకో. కానీ నూట యాభై ఏళ్లు అది పాఠకుడికి దారి చూపించింది, ఏ మెట్ల మీదికొచ్చి నిలబడాలో చెప్పింది.

ఇవాళ అదే ఫొటో ఫోన్లో తారుమారైందనుకో. రెండు నిమిషాల్లో మార్చేస్తారు, చెప్పను కూడా చెప్పరు. ఈలోపు స్క్రీన్‌షాట్ తీసినవాడు వంద గ్రూపుల్లో పడేస్తాడు. గుండు చేయించుకున్న ఆ కుర్రాడు ఏ మెట్ల దగ్గరికి వెళ్తాడు? నాకు కష్టమనిపించేది ఇది. కాయితం పోతే పోనీ, ఆ చిన్నక్షరాల లైను కాయితంతో పాటే పోతుందేమోనని.

నా సలహా ఇదిగో. మీ నాన్నకి నచ్చదు. పేపర్లో చేరు. రెండేళ్లు, ఎక్కువ వద్దు. జిల్లా డెస్క్ మీద కూర్చో, సిటీకి మారతానని అడక్కు. కంట్రిబ్యూటరు పంపిన కాపీలో "సుమారు" అనే మాట కనపడిన ప్రతిసారీ వాడికి ఫోన్ చెయ్యి. పేర్లూ ఇంటిపేర్లూ రెండుసార్లు చదువు, వయసులు కూడికలు వేసి చూడు, ఫొటో కింద పేరుందో లేదో కాదు, ఆ పేరు ఆ మొహానిదేనా అని చూడు. పేజీ వదిలాక వెనక్కి తీసుకోలేమన్న భయం రెండేళ్లపాటు రోజూ రాత్రి పదకొండున్నరకి కడుపులో పడాలి. ఆ భయం ఇంకెక్కడా నేర్పరు. దిద్దుకునే వీలున్నచోట దిద్దుకోవడమే అలవాటవుతుంది, చూసుకోవడం అలవాటు కాదు.

కంట్రిబ్యూటర్లతో మర్యాదగా మాట్లాడు. చాలామందికి జీతం లేదు, కాలమ్ లెక్కన వచ్చే నాలుగు డబ్బులే. పైగా పండగ పూట ప్రకటనలు తెమ్మని టార్గెట్లు. ఏ నాయకుడి దగ్గర ప్రకటన అడిగాడో వాడి మీదే రేపు వార్త రాయాలి. అలాంటివాడు నిజం పంపిస్తే దాన్ని కొట్టెయ్యకు.

జీతం చాలదు, తెలుసు. ఇంటి లోన్లు, కారు లోన్లు పేపరు జీతం చూసుకుని పెట్టుకోకు. రెండేళ్ల తర్వాత ఫోన్ కంపెనీకే వెళ్లు, నిన్ను ఎవరూ తప్పుపట్టరు, నేనసలే పట్టను. నీ తరానికి వార్త ఉండేది అక్కడే. అరవై మాటల్లో వార్త చెప్పడం తక్కువ పనేం కాదు. మేం ఫిల్లర్లు రాసి చచ్చేవాళ్లం, నాలుగు లైన్లలో కర్త, కర్మ, క్రియ ఇరికించడం ఎంత కష్టమో నాకు తెలుసు. "ఏం జరిగిందో తెలిస్తే షాకవుతారు" అని హెడ్డింగ్ పెట్టమన్నప్పుడు మాత్రం నీ పేరు కింద వద్దని చెప్పు. వింటారో వినరో తర్వాత సంగతి.

ఒక్కటి మాత్రం రెండు చోట్లా అడుగు: ఈ జీతం ఎవరి డబ్బు? న్యూయార్క్ టైమ్స్ వాళ్లు 2011లో చదవాలంటే డబ్బు కట్టమన్నారు, అందరూ నవ్వారు. 2020 నాటికి అచ్చు మీద కంటే ఆన్‌లైన్ మీదే వాళ్లకి ఎక్కువ రాబడి. అదీ ఒట్టి వార్తలకే కాదు. వంటలు పెట్టారు, ఆటలు పెట్టారు, 2022 జనవరిలో వర్డిల్ అనే పదాల ఆట కొనుక్కున్నారు. వాళ్ల అమృతాంజనం అది. తెలుగులో అలాంటిది ఇంకా నాకు కనపడలేదు. ఎన్నికల ముందు పుట్టి, ఫలితాల మర్నాడు జీతాలు ఎగ్గొట్టిన సైట్లు మాత్రం చాలా కనపడ్డాయి. వాటిలో పనిచేసిన పిల్లలు ఇద్దరు మా ఇంటికొచ్చి భోంచేసి వెళ్లారు, ఆ కంపెనీల అడ్రసు వెతుక్కుంటూ తిరిగారు పాపం.

పెద్దమ్మ నీకోసం గోంగూర పచ్చడి తీసిపెట్టింది. వచ్చే ఆదివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి వచ్చెయ్, స్టేషన్‌కి వస్తాను. ఆ రెండు ఆఫర్ లెటర్లూ ప్రింట్ తీయించి తీసుకురా, ఫోన్లో నాకు సరిగా కనపడవు. జీతం అంకె నువ్వు చూసే ఉంటావు. నేను అడుగున చూడాలి: సంతకం కింద ఏ కంపెనీ పేరుంది, పైన బొమ్మ వేసుకున్న పేరే ఉందా, మనుషుల్ని సరఫరా చేసే ఇంకో కంపెనీదా, ఊరూ వీధీ ఉన్నాయా, లేక ఈమెయిలొక్కటే ఉందా అని.

ఇట్లు
పెదనాన్న